నేలమీద కూర్చున్న ద్రాక్షతీగ



ద్రాక్షతోట అనగానే మనకు పందిరి గుర్తొస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అలాగే పండేది. రాతి కడీలు పాతి, వాటిమీద తీగె లాగి అల్లిన ఆకుల కప్పు. కింద మనిషి నిలబడి నడవవచ్చు. తలెత్తితే గుత్తులు. ఆ పందిళ్ళ కింద చిన్నప్పుడు తిరిగినవాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటే, వాళ్ళు ఒక్క క్షణం ఆ పందిరిని మనసులోనే తీసేయాలి. తీగను నేలమీదికి దించి, గుండ్రంగా చుట్టి, కూర్చోబెట్టాలి. గ్రీసు దేశంలో శాంటోరిని దీవిలో నేను చూసిన ద్రాక్షతోట అలా ఉంటుంది. దూరాన్నుంచి చూస్తే అది తోట అని కూడా తెలియదు. బూడిదరంగు నేలమీద ఎవరో చుట్టకుదుర్లు పరిచి వెళ్ళిపోయినట్టు కనిపిస్తుంది.

ఆ దీవికి వెళ్ళేవాళ్ళు చాలామంది తెల్లని ఇళ్ళు, నీలం గుమ్మటాలు, ఈయా అనే ఊళ్ళో సూర్యాస్తమయం చూసి తిరిగి వస్తారు. నేను అక్కడి వైన్ కోసం వెళ్ళాను. మద్యం తాగమని చెప్పడానికి ఈ మైకు ముందుకు రాలేదు. ఒక పంట గురించి, దాన్ని బతికించుకుంటూ వస్తున్న రైతుల గురించి, ఆ పంట గ్లాసులోకి ఏ రుచితో వస్తుందో దాని గురించి చెప్పాలని వచ్చాను.

శాంటోరిని అసలు పేరు థీరా. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి ఓడలో ఐదు గంటలు మొదలు ఎనిమిది గంటల దాకా ప్రయాణం. ఓడ దీవిని సమీపించేసరికి ఎదురుగా కొండ గోడలాగా నిలువునా లేస్తుంది. కొన్నిచోట్ల 300 మీటర్ల ఎత్తు. మనం ఓడలో వెళుతున్న ఆ నీళ్ళ కింద ఉన్నది అగ్నిపర్వతం నోరు. సుమారు 3,600 ఏళ్ళ కిందట అది బద్దలైనప్పుడు దీవి నడిమి భాగం సముద్రంలో కూలిపోయింది. మిగిలిన నెలవంక ఆకారమే ఇప్పటి శాంటోరిని. ఆనాటి బూడిద కింద కప్పబడిపోయిన పట్టణం ఒకటి అక్రోతిరి దగ్గర బయటపడింది. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. రంగులు చెదరని గోడచిత్రాలు, మన ధాన్యపు గాబుల్లాంటి మట్టిజాడీలు అందులో దొరికాయి.

ఆ బూడిదే ఇప్పుడు అక్కడి వ్యవసాయ భూమి. తేలికైన నురగరాయి, బూడిద, లావా ముక్కలు కలిసిన ఆ నేలను అక్కడివాళ్ళు ఆస్పా అంటారు. గుప్పెడు తీసి చూశాను. మట్టి వాసన లేదు, జిగట లేదు. వేళ్ళ సందుల్లోంచి ముగ్గులాగా జారిపోయింది. వాన చూస్తే అనంతపురం జిల్లాలో కురిసేదానికన్నా తక్కువ. ఏరు లేదు, చెరువు లేదు. పైగా వేసవి అంతా మెల్తేమి అనే ఉత్తరపు గాలి, సముద్రపు ఉప్పును మోసుకుంటూ ఎడతెగకుండా వీస్తుంది. అలాంటి చోట పందిరి వేస్తే ఒక్క వారం నిలవదు.

మొదట ఏదైనా వైన్ తయారీ కేంద్రానికి వెళ్ళి రుచి చూసి, తరువాత తీరిగ్గా పొలాలు చూద్దామని నేను అనుకున్నాను. మెగలోఖోరి ఊరి బయట ఉన్న ఒక చిన్న కేంద్రంలో పెద్దాయన ఒకరు నన్ను గ్లాసు ముట్టుకోనివ్వలేదు. డెబ్బై దాటిన మనిషి. ముందు పొలానికి నడవమన్నాడు. అది ఆగస్టు నెల, కోతలు జరుగుతున్న రోజులు. గ్రీసులో చాలాచోట్ల కన్నా శాంటోరినిలో ముందుగా పండుతుంది కాబట్టి ఎండ చుర్రుమంటున్నప్పుడే కోత.

ఆయన ఒక తీగ దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. మనం బుట్ట అల్లేటప్పుడు వెదురుబద్దను వెదురుబద్దలోకి దూర్చుతాం చూడండి, అచ్చం అలాగే తీగ కొమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరి, గుండ్రంగా తిరిగి బుట్టగా తయారయ్యాయి. కింద కొమ్మ ముంజేయంత లావు. పైన ఈ ఏటి రెమ్మ పెన్సిలంత సన్నం. ఆయన రెండు చేతులతో ఆకులు పక్కకు తీశాడు. లోపల గుత్తులు, గూట్లో గుడ్లలాగా. బయట గాలి మా చొక్కాల్ని లాగుతోంది. ఆ బుట్టలోపల ఆకు కదలడం లేదు. చెయ్యి లోపల పెట్టమన్నాడు. నేల దగ్గర చల్లగా ఉంది. రాత్రిళ్ళు సముద్రం మీంచి వచ్చే తేమను ఈ నురగరాయి పీల్చుకుని దాచుకుంటుందట. పగలంతా వేరుకు అందేది ఆ తేమే. తడి పెట్టేవాడు లేని నేలలో తీగకు అదే పాతరనీళ్ళు.

ఈ బుట్టను కులూరా అంటారు. నువ్వులద్ది కాల్చే గుండ్రని రొట్టెకు కూడా గ్రీకులో దగ్గరి పేరే ఉంది. చలికాలంలో రైతు ఒక్కో తీగ దగ్గర కూర్చుని, వదలవలసిన రెమ్మ ఏదో, కొట్టెయ్యవలసింది ఏదో చూసుకుని, ఉంచినదాన్ని చుట్టూ తిప్పి అల్లుతాడు. ఏడాదికి ఒక చుట్టు. యంత్రం చేసే పని కాదు. కోతకూ యంత్రం పనికిరాదు. నడుం వంచి, మోకాళ్ళూని, బుట్టబుట్టకూ చెయ్యి పెట్టి కొయ్యాలి. మా ఎదుటే కోస్తున్నవాళ్ళలో నడివయసు ఆడవాళ్ళే ఎక్కువ. వరినాట్ల రోజుల్లో సాయంత్రం గట్టెక్కి మన ఆడవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే తీరు మీకు తెలుసు కదా, వాళ్ళూ అలాగే నిలబడ్డారు.

ఆ తీగ వయసెంత అని అడిగాను. పైన బుట్టదా, కింద వేరుదా అని ఆయన ఎదురడిగాడు. ఆ ప్రశ్నలోనే ఉంది అసలు సంగతి. బుట్ట ముదిరి, ఏళ్ళు గడిచి కాపు తగ్గితే, రైతు దాన్ని నేలమట్టానికి నరికేస్తాడు. పాత వేరు నుంచి కొత్త రెమ్మ పుడుతుంది, దాంతో మళ్ళీ కొత్త బుట్ట. అలా ఒకే వేరుమీద తాత అల్లిన బుట్ట పోయి మనవడి బుట్ట లేస్తుంది. అందుకే అక్కడ కొన్ని వేళ్ళ వయసు వందల ఏళ్ళలో చెబుతారు.

యూరపులో ఇది చాలా అరుదైన విషయం. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు, మన పేనుబంకకు దూరపు చుట్టం, ఫ్రాన్సు మొదలుకొని యూరపు ద్రాక్షతోటల వేళ్ళను తినేసింది. లక్షల ఎకరాలు ఎండిపోయాయి. చివరకు అమెరికా ద్రాక్ష వేరుకు యూరపు ద్రాక్షను అంటుకట్టి గండం గట్టెక్కారు. ఈనాడు ప్రపంచంలో వైన్ ద్రాక్ష చాలావరకు అలా పరాయి వేరుమీద బతుకుతున్నదే. శాంటోరిని నేలలో బంకమట్టి దాదాపు లేదు. ఆ పురుగు బతకడానికి బంకమట్టి కావాలి. కాబట్టి శాంటోరిని తీగ తన సొంత వేరుమీదే నిలబడింది.

పొలం చూశాక గ్లాసు చేతికి వచ్చింది. ముందే తాగి ఉంటే నాకు సగం కూడా అర్థమయ్యేది కాదని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ఆ దీవి రాణి అసిర్తికో అనే తెల్లద్రాక్ష. శాంటోరిని పేరుతో అమ్మే పొడి తెల్ల వైన్‌లో అసిర్తికో నూటికి 75 పాళ్ళు తగ్గకూడదని నియమం. ఈ పేరుకు చట్టబద్ధమైన గుర్తింపు 1971లోనే వచ్చింది. మన బనగానపల్లె మామిడికి, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే అది కూడా. అసిర్తికోకు తోడుగా ఐదానీ, అథీరి అనే మరో రెండు తెల్లరకాలు కలుపుతారు. ఐదానీకి పూలవాసన, అథీరికి మెత్తదనం.

రుచి చూసే పద్ధతి ఒకటుంది. గ్లాసులో రెండు మూడు గుక్కలకు మించి పొయ్యరు. ముందు రంగు చూడాలి, తరువాత వాసన. నోట్లోకి తీసుకుని నాలుక అంతటా తిప్పాలి. తరువాత మింగవచ్చు, పక్కనున్న పాత్రలో ఉమ్మేయవచ్చు. ఉమ్మడం అమర్యాద కాదు. రోజుకు నాలుగు చోట్ల తిరిగేవాళ్ళు, ముఖ్యంగా బండి నడిపేవాళ్ళు, ఉమ్మవలసిందే. ఆ దీవి దారులన్నీ కొండ అంచులు.

అసిర్తికో మొదటి గుక్కకు నాకు తోచింది నిమ్మతొక్క. గుజ్జు తీపి లేదు, సువాసన గుప్పుమనడం లేదు. తరువాత చెకుముకి రాయి కొట్టినప్పుడు వచ్చే వాసన. మింగాక, నాలుక అంచులమీద ఉప్పు. సముద్రం ఒడ్డున కాసేపు నిలబడి పెదవులు తడుపుకుంటే తెలిసే ఉప్పు. పులుపు పదునుగా ఉంది. ఇంత ఎండలో పండిన కాయకు పులుపు చావాలి. ఇక్కడ చావదు. నేలలో పొటాషియం తక్కువ కావడం దీనికి ఒక కారణమని చెబుతారు. కాయలో తీపి ఎక్కి, పులుపు దిగకుండా నిలవడం ఈ ద్రాక్ష గొప్ప. ఆ గుణం చూసే గ్రీసు ప్రధాన భూభాగంలో, చివరకు ఆస్ట్రేలియా క్లేర్ లోయలో కూడా అసిర్తికో నాటారు.

ఒక మాట గమనించాను. వైన్ ఒక్కటే తాగినప్పుడు కొంత కరుకనిపించింది. పక్కన పెట్టిన తిండితో తాగితే రెండూ మారిపోయాయి. ఆ దీవిలో పసుపుపచ్చని పప్పు ఒకటుంది, ఫావా అంటారు. మన లంకపప్పు కుటుంబానిది. మెత్తగా ఉడికించి, ఎనిపి, మీద ఉల్లిముక్కలు, ఆలివ్ నూనె. ముద్దపప్పు తిని పెరిగిన నోటికి అది కొత్త కాదు. ఆ మెత్తని పప్పు మీద ఈ పదును వైన్ పడితే, ముద్దపప్పులోకి ఆవకాయ బద్ద కొరుక్కున్నట్టుంది. నీళ్ళు పెట్టకుండా పండించే బుల్లి టమాటాలతో చేసిన వడలు కూడా ఇచ్చారు. పప్పు, టమాటా, ద్రాక్ష మూడూ ఒకే బూడిదలోంచి వచ్చినవి.

తరువాత నిఖ్తేరి. గ్రీకులో నిఖ్తా అంటే రాత్రి. పగటి ఎండకు రసం చెడకుండా, కోసిన కాయను రాత్రికి రాత్రే తొక్కి రసం తీసేవారు, ఆ పేరు అలా నిలిచింది. పీపాల్లో కొంతకాలం ఉంచుతారు కాబట్టి బరువైన వైన్. ఎర్రరకాల్లో మావ్రోత్రాగనో అనేది దాదాపు కనుమరుగైపోతున్న దశలో పారిస్ సిగాలస్, హరిదిమోస్ హత్జిదాకిస్ అనే ఇద్దరు తయారీదారులు దాన్ని తిరిగి నిలబెట్టారు. సిగాలస్ గణితం చదువుకున్నవాడు. వగరు బాగా ఉన్న వైన్ అది. వక్కపలుకు నమిలినట్టు చిగుళ్ళు బిగుస్తాయి.

ఇక విన్‌సాంతో. దీని దగ్గర కాసేపు ఆగాలి.

కోసిన తెల్లద్రాక్షను వెంటనే తొక్కకుండా, పది పన్నెండు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, ఎండలో పరుస్తారు. గుంటూరు ప్రాంతంలో కల్లాల్లో మిరపకాయ ఆరబోసినట్టు ఆ మిద్దెలమీద, పొలాల్లో గుత్తులు ఆరబోసి ఉండడం చూశాను. కాయ ముడతలుపడి, ఎండు ద్రాక్ష కాబోతూ ఉన్నప్పుడు రసం తీస్తారు. బోలెడు కాయకు కొంచెం రసం. అందులో తీపి ఎంత ఉంటుందంటే, పూర్తిగా పులియడం దానివల్ల కాదు. పులిసినంత పులిసి, తీపి మిగిలిపోతుంది. ఆపైన ఓక్ పీపాల్లో కనీసం 24 నెలలు ఉండాలి. కొందరు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు కూడా ఉంచుతారు.

పెద్దాయన ఇచ్చింది చిన్న గ్లాసులో రెండు చెంచాలు. రంగు పాత తేనెలాగా, దీపానికి అడ్డం పెడితే అంచున ఎర్రగా. నోట్లో ఖర్జూరం, ముదురుపాకం పట్టిన బెల్లం, ఎండిన నారింజ తొక్క. అంత తీపిలోనూ అసిర్తికో పులుపు వెనకనుంచి వచ్చి నోరు శుభ్రం చేసి వెళ్ళింది. అందుకే మొహం మొత్తలేదు. అరగంట తరువాత కూడా ఆ వాసన ఖాళీ గ్లాసులో ఉంది.

విన్‌సాంతో పేరు వెనిస్ వర్తకుల కాలం నాటిది. 1204లో నాలుగో క్రూసేడు తరువాత ఈ దీవులు వెనిస్ ప్రభువుల చేతిలోకి వెళ్ళాయి. శాంటోరిని వైన్ అనే అర్థంలో ఆ పేరు వచ్చిందని దీవివాళ్ళ మాట. తరువాతి కాలంలో దీన్ని ఓడలకెత్తి నల్లసముద్రం మీదుగా ఒదెస్సాకు, అక్కడినుంచి రష్యాకు పంపేవారు. రష్యాలో ఆర్థడాక్స్ చర్చిల్లో ప్రభుభోజన సంస్కారానికి ఈ వైన్ వాడేవారు. మన తెలుగు బైబిల్ చదివేవాళ్ళకు ద్రాక్షారసం అనే మాట చెవులకు అలవాటే. ఎక్కడో చలిదేశంలో పూజారి చేతి పాత్రలోకి ఈ ఎండల దీవి ద్రాక్షారసం వెళ్ళేది. 1917 విప్లవంతో ఆ వర్తకం ఆగిపోయింది, దీవి రైతు నడుం విరిగింది.

గ్రీకుల వైన్ మన తీరానికి కూడా కొత్త కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అనే నావికుల పుస్తకం మచిలీపట్నం ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా నేస్తారని చెబుతుంది. భారతదేశపు రేవుల్లో దిగే సరుకుల్లో వైన్ పేరు అదే పుస్తకంలో ఉంది. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో రెండు చెవుల వైన్ జాడీల పెంకులు బయటపడ్డాయి. మన బట్ట అటు, వాళ్ళ జాడీ ఇటు. పాత గ్రీకులు వైన్‌ను నీళ్ళు కలపకుండా తాగడం మోటుదనం అనుకునేవారు. వైన్‌ను ఇప్పటి గ్రీకులో క్రాసీ అంటారు, కలపడం అనే అర్థమున్న మాట నుంచి అది పుట్టింది.

తయారీ కేంద్రాలు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. పాతకాలంలో నురగరాతి కొండను తొలిచి గుహలో వైన్ చేసేవారు, వాటిని కానావా అంటారు. లోపలికి వెళితే ఎండాకాలంలోనూ చలి. రాతితొట్టిలో కాళ్ళతో తొక్కేవారు, రసం కింది తొట్టిలోకి జారేది. వోథోనాస్ ఊళ్ళో కుత్సోయన్నోపులోస్ కుటుంబం అలాంటి గుహలో, నేలకు 8 మీటర్ల లోతున, 300 మీటర్ల పొడవున వైన్ మ్యూజియం నడుపుతోంది. అథినియోస్ రేవుకు పైన 1947 నాటి వెనెత్సానోస్ కేంద్రం చూసి తీరాలి. కరెంటు లేని రోజుల్లో పై అంతస్తులో కాయ పోస్తే, పల్లానికి పారే నీళ్ళలాగా రసం అంతస్తు అంతస్తూ దిగేలా కట్టారు. రైతుల సహకార సంఘం కూడా 1947లోనే ఏర్పడింది, సాంతో వైన్స్ అంటే అదే. ఆర్గిరోస్ కుటుంబం 1903 నుంచి ఎపిస్కోపి గోనియాలో ఉంది. గాయా అనే కేంద్రం సముద్రం ఒడ్డున పాత టమాటా ఫ్యాక్టరీలో ఉంది, కొన్ని సీసాలను నీళ్ళ అడుగున దాచి పాతబడనిస్తారు.

వీటిలో కొన్నింటికి సూర్యాస్తమయం కనబడే పెద్ద పెద్ద వసారాలున్నాయి. సాయంత్రం అక్కడ కుర్చీ దొరకదు. వందలమంది గ్లాసు పట్టుకుని ఫోటో తీసుకుంటారు, గ్లాసులో ఏముందో అడిగేవాళ్ళు తక్కువ. నాకు అది బాధ కలిగించింది. ఎందుకంటే ఆ తోటలు తగ్గిపోతున్నాయి.

1956 జూలై 9న పెద్ద భూకంపం వచ్చింది. యాభైమందికి పైగా చనిపోయారు, ఇళ్ళు కూలాయి, చాలామంది ఏథెన్స్‌కు తరలిపోయారు. తోటలు బీడుపడ్డాయి. తరువాత పర్యాటకం వచ్చి దీవిని నిలబెట్టింది, అదే ఇప్పుడు తోటను మింగుతోంది. పదిహేనువేల పైచిలుకు జనాభా ఉన్న దీవికి ఏటా లక్షల్లో జనం వస్తున్నారు. ద్రాక్ష పండే చెలకకన్నా హోటలు లేచే స్థలానికి విలువెక్కువ. ఈనాడు మిగిలిన తోట వెయ్యి హెక్టార్లకు అటూఇటూ. 2023, 2024 సంవత్సరాల్లో ఎండ, వానలేమి కలిసి కాపును దెబ్బకొట్టాయి. కాయ తగ్గడంతో కిలో ధర చాలా పెరిగింది, సీసా ధర కూడా పెరిగింది. 2025 ఫిబ్రవరిలో భూమి మళ్ళీ రోజుల తరబడి కంపిస్తే పదకొండు వేలమందికి పైగా దీవి వదిలి వెళ్ళారు.

పెద్దాయన్ను అడిగాను, మీ తరువాత ఎవరు అల్లుతారని. కూతురు వైన్ శాస్త్రం చదువుకుని వచ్చిందట, లోపల వైన్ పోస్తున్నది ఆమే. కొడుకు ఫిరా అనే ఊళ్ళో హోటల్లో పనిచేస్తాడు. చలికాలం హోటళ్ళు మూసేసినప్పుడు వచ్చి తండ్రి పక్కన కూర్చుని కత్తిరింపు నేర్చుకుంటున్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది. వెళ్ళేముందు ముగ్గురం గ్లాసులు తాకించి యా మాస్ అనుకున్నాం. మన ఆరోగ్యానికి అని అర్థం.

అమెరికాలో, యూరపులో స్థిరపడిన మన తెలుగువాళ్ళు ఈమధ్య శాంటోరినికి బాగా వెళుతున్నారు. ఇక్కడినుంచి వెళ్ళేవాళ్ళూ పెరిగారు. మీరు వెళితే, ఈయాలో సూర్యాస్తమయం చూడవద్దనను. ఒక్క ఉదయం మటుకు పిర్గోస్, మెగలోఖోరి, ఎపిస్కోపి గోనియాల మధ్య పొలాలకు కేటాయించండి. చిన్న కేంద్రానికి ముందుగా కబురుచేసి వెళ్ళండి, తోట చూపించమని అడగండి. తాగని వాళ్ళయినా సరే, ఆ బుట్టలు చూడండి. పొలంలో నడిచేటప్పుడు కాలి కింద చూసుకుని నడవండి. అక్కడ తీగ మోకాలి ఎత్తుకు రాదు, చలికాలంలో ఆకు రాలాక ఎండుపుల్లల చుట్టలాగానే ఉంటుంది. దాని వేరు మీ ముత్తాతకన్నా పెద్దది కావచ్చు. దయచేసి దానిమీద అడుగు వెయ్యకండి.